కణత్వచం: దాటే దారి, కదిలే దిశ

మీ సందేహాలు మూడు. కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, అంటే కణత్వచం, కొన్ని పదార్థాలను లోనికి రానిచ్చి కొన్నింటిని ఆపుతుందంటే, ఆ ఎంపిక ఎలా జరుగుతోందన్నది మొదటిది. గ్లూకోజ్ కణంలోకి రావడానికి ఒక ప్రోటీన్ సాయం తప్పనిసరి అయినప్పుడు దాన్ని నిష్క్రియా రవాణా (కణం శక్తి ఖర్చుపెట్టని రవాణా) అని ఎందుకంటారన్నది రెండోది. చిన్నపేగులో గ్లూకోజ్‌ను పీల్చుకునే ప్రోటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును ముట్టుకోకపోయినా దాన్ని సక్రియా రవాణా (శక్తి ఖర్చుతో జరిగే రవాణా) కింద ఎందుకు చేరుస్తారన్నది మూడోది. చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నవాడిగా నేను గమనించినంతలో ఈ మూడు చిక్కులూ ఒకేచోట పుడతాయి. పాఠ్యపుస్తకాలు రవాణా పద్ధతులను వరుసగా పేర్కొని, ఒక్కోదానికి ఒక నిర్వచనం ఇచ్చి ఊరుకుంటాయి. ఆ వరుస వెనుక రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ పదార్థానికి త్వచాన్ని దాటే దారి ఉందా అన్నది ఒకటి. దారి ఉంటే అది ఏ దిశలో కదులుతుంది, ఆ కదలికకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది అన్నది మరొకటి. ఈ రెండింటినీ విడివిడిగా అడగడం అలవాటు చేసుకుంటే, కొత్తగా ఏ రవాణా ప్రోటీన్ పేరు విన్నా దాన్ని ఎక్కడ ఉంచాలో మీకే తెలుస్తుంది. అయితే దారి సంగతి మాట్లాడాలంటే ముందు అడ్డు ఎలా ఏర్పడిందో చూడాలి.

త్వచానికి ఆధారం ఫాస్ఫోలిపిడ్ అణువులు. ఒక్కో అణువులో గ్లిసరాల్‌కు ఒకవైపు రెండు కొవ్వు ఆమ్లాల గొలుసులు, మరోవైపు ఫాస్ఫేట్, ఆ ఫాస్ఫేట్‌కు కోలిన్, ఇథనోలమైన్, సెరీన్ వంటి చిన్న సమూహం అతుక్కుని ఉంటాయి. ఫాస్ఫేట్ ఉన్న భాగాన్ని తల అనీ, కొవ్వు ఆమ్లాల గొలుసులను తోకలనీ అంటారు. తలలో విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అది నీటితో ఇట్టే కలుస్తుంది. తోకలు దాదాపుగా కార్బన్, హైడ్రోజన్‌లతోనే ఏర్పడినవి కాబట్టి వాటికి నీటితో హైడ్రోజన్ బంధాలు కుదరవు. ఇలాంటి అణువులు నీటిలో పడితే తోకలన్నీ నీటికి ముఖం చాటేసి లోపలికి తిరుగుతాయి, తలలు రెండువైపులా నీటికి ఎదురుగా నిలుస్తాయి, రెండు వరుసల పొర తనంతట తానే ఏర్పడుతుంది. దీనికి తోకల మధ్య ఉన్న ఆకర్షణే కారణమని చాలామంది రాస్తారు. నిజానికి ఇందులో నీటి పాత్రే పెద్దది. తోక చుట్టూ చేరిన నీటి అణువులు తమలో తాము బంధాలు నిలుపుకోవడానికి ఒక క్రమంలో బిగుసుకోవలసి వస్తుంది. తోకలు ఒకచోట చేరితే ఆ నీరు స్వేచ్ఛ పొందుతుంది, ఎంట్రోపీ, అంటే అణువుల అమరికలోని క్రమరాహిత్యం, పెరుగుతుంది. ఇదే కారణం వల్ల పొర అంచు కూడా నీటికి తగలకుండా వంగి, అంచులు కలుపుకొని, మూసుకుపోయిన తిత్తిగా మారుతుంది. చిన్న రంధ్రం పడినా పొర మళ్లీ పూడుకునే గుణానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ పొర మందం 4 నుంచి 5 నానోమీటర్లు. అందులో తోకలున్న నడిమి భాగం సుమారు 3 నానోమీటర్లు. సాధారణ సూక్ష్మదర్శినిలో 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న వాటిని విడివిడిగా చూడలేం కాబట్టి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అందుబాటులోకి వచ్చేదాకా త్వచాన్ని ఎవరూ కళ్లారా చూడలేదు. చూడకుండానే దాని స్వభావాన్ని పట్టుకున్న తీరు నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. 1890ల్లో ఎర్నెస్ట్ ఓవర్టన్ వందలాది పదార్థాలను కణాల మీద పరీక్షించి, నూనెలో ఎంత బాగా కరిగే పదార్థం అంత తొందరగా కణంలోకి చొరబడుతోందని గమనించాడు. కాబట్టి హద్దు కొవ్వులాంటి పదార్థంతోనే ఉండాలని వాదించాడు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను (కొవ్వు జాతి పదార్థాలను) అసిటోన్‌తో వేరుచేసి, నీటి ఉపరితలం మీద ఒకే అణువు మందాన పరిచి చూశారు. ఆ పొర వైశాల్యం కణాల ఉపరితల వైశాల్యానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే కణం చుట్టూ లిపిడ్లు రెండు వరుసలుగా ఉండాలి. తరువాత పరిశీలించినవారు ఆ ప్రయోగంలో రెండు లోపాలు కనిపెట్టారు: అసిటోన్ లిపిడ్లన్నిటినీ బయటికి లాగలేదు, ఎండిన కణాల మీద కొలిచినందువల్ల కణం వైశాల్యం కూడా తక్కువగా లెక్కకు వచ్చింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి, నిర్ణయం మాత్రం సరైనదే అయింది.

త్వచం బొమ్మల్లో లిపిడ్లు ఇటుకల్లా కదలకుండా నిలబడి ఉండటం చూసి చాలామంది దాన్ని గట్టి గోడ అనుకుంటారు. జీవకణంలో త్వచం ద్రవస్థితిలోనే ఉంటుంది. ఒక లిపిడ్ అణువు తన వరుసలో పక్కపక్కకు జరుగుతూ, సుమారు 2 మైక్రోమీటర్ల పొడవున్న బాక్టీరియా ఒక కొన నుంచి మరో కొనకు దాదాపు ఒక సెకనులో చేరగలదు. అదే అణువు ఒక వరుస నుంచి ఎదుటి వరుసకు పల్టీ కొట్టాలంటే మాత్రం ఆవేశమున్న తలను తోకల మధ్యగా ఈడ్చుకెళ్లాలి కాబట్టి, తనంతట తానుగా అది జరగడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే రెండు వరుసల్లోనూ లిపిడ్లు ఒకే రకంగా ఉండవు. ఫాస్ఫాటిడైల్ సెరీన్ దాదాపు అంతా లోపలి వరుసలోనే ఉంటుంది. బయటికి జారినదాన్ని ఏటీపీ ఖర్చుపెట్టి లోపలికి తిప్పే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. కణం ప్రణాళిక ప్రకారం మరణించేటప్పుడు ఈ లిపిడ్ బయటి వరుసలో కనిపించడం మొదలవుతుంది, దాన్ని గుర్తుపట్టిన భక్షకకణాలు వచ్చి ఆ కణాన్ని మింగేస్తాయి.

తోకలు సంతృప్తమైతే నిటారుగా ఉండి దగ్గరగా సర్దుకుంటాయి, పొర బిగుస్తుంది. ద్విబంధం ఉన్న అసంతృప్త తోకలో ఒక వంపు ఉంటుంది, అది పక్కవాటిని దగ్గరకు చేరనివ్వదు, పొర పలుచని ద్రవంలా ఉంటుంది. చలి పెరిగినప్పుడు బాక్టీరియాలు, చేపలు తమ త్వచాల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుకోవడం ఇందుకే. జంతుకణాల్లో కొలెస్టరాల్ ఈ తోకల మధ్య ఇరుక్కుని రెండు పనులు చేస్తుంది: వేడిగా ఉన్నప్పుడు తోకల కదలికను కాస్త అదుపు చేస్తుంది, చల్లబడినప్పుడు అవి గడ్డకట్టినట్టు బిగుసుకోకుండా ఎడం ఉంచుతుంది. చిన్న అణువులు చొరబడే సందులను కూడా తగ్గిస్తుంది. శిలీంధ్రాల్లో దీని స్థానంలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఆంఫోటెరిసిన్ బి అనే మందు దాన్నే పట్టుకుని శిలీంధ్ర కణాలను దెబ్బతీస్తుంది.

ఇక ప్రోటీన్లు. సగటు జంతుకణపు త్వచంలో బరువు ప్రకారం సగం వరకు ప్రోటీన్లే. నాడీతంతువుల చుట్టూ విద్యుత్ నిరోధకంగా పనిచేసే మైలిన్ పొరలో వాటి వాటా పావుకు మించదు. శక్తి ఉత్పత్తి జరిగే మైటోకాండ్రియా లోపలి త్వచంలో అది మూడొంతులకు చేరుతుంది. పని ఎక్కువ ఉన్నచోట ప్రోటీన్లు ఎక్కువ, కేవలం అడ్డుగా నిలవాల్సినచోట లిపిడ్లు ఎక్కువ. త్వచాన్ని అడ్డంగా దాటి నిలిచే ప్రోటీన్లలో అత్యధికం ఆల్ఫా సర్పిలాలుగా, అంటే స్ప్రింగులా చుట్టుకున్న గొలుసులుగా, దాటుతాయి. సర్పిలంలో ఒక్కో అమైనో ఆమ్లం 0.15 నానోమీటరు ఎత్తు పెంచుతుంది కాబట్టి 3 నానోమీటర్ల తోకల ప్రాంతాన్ని దాటడానికి సుమారు 20 అమైనో ఆమ్లాలు కావాలి, అవి అధికభాగం నీటికి పొసగనివై ఉండాలి. ఒక జన్యువు క్రమాన్ని చదివి, అందులోంచి వచ్చే ప్రోటీన్ త్వచంలో ఉంటుందో లేదో ఊహించడానికి ఈ చిన్న లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ ప్రోటీన్లు కూడా పొరలో తేలుతూ కదులుతాయని 1970లో ఫ్రై, ఎడిడిన్ చూపారు. ఎలుక కణాన్ని మనిషి కణంతో కలిపి ఒకే కణంగా చేసి, రెండింటి ఉపరితల ప్రోటీన్లకు వేర్వేరు రంగుల మెరుపు తగిలిస్తే, మొదట సగం సగంగా కనిపించిన రంగులు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 40 నిమిషాల్లో పూర్తిగా కలిసిపోయాయి. ఉష్ణోగ్రత బాగా తగ్గిస్తే ఆ కలయిక ఆగిపోయింది. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన, లిపిడ్ల ద్రవంలో ప్రోటీన్లు తేలుతుంటాయనే ద్రవ మొజాయిక్ నమూనా ఇలాంటి ఆధారాల మీదే నిలిచింది. ఆ తరువాత వచ్చిన సవరణ ఒకటి చెప్పుకోవాలి: ప్రోటీన్లన్నీ ఇష్టమొచ్చినట్టు తిరగవు, వాటిలో చాలావాటిని లోపలి కణ అస్థిపంజరమో, పక్క కణంతో ఉన్న బంధాలో ఒకచోట కట్టిపడేస్తాయి. త్వచపు బయటి ముఖాన లిపిడ్లకు, ప్రోటీన్లకు అంటుకున్న చక్కెర గొలుసులు కణాన్ని గుర్తించే చిహ్నాలుగా పనిచేస్తాయి. రక్తవర్గాలు ఏ, బీ మధ్య తేడా ఇలాంటి గొలుసు చివర ఉన్న ఒకే ఒక్క చక్కెరలో ఉంది.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి వద్దాం. ఎంపికలో సగభాగం లిపిడ్ పొర చేస్తుంది, అది చేసేది నిరాకరణ మాత్రమే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి ఆవేశం లేని చిన్న అణువులు తోకల మధ్యగా సులువుగా కరిగి దాటిపోతాయి. స్టెరాయిడ్ హార్మోన్లు పెద్దవే అయినా కొవ్వులో కరుగుతాయి కాబట్టి అవీ దాటుతాయి. నీరు, యూరియా, గ్లిసరాల్ కొంతమేరకు దాటుతాయి. గ్లూకోజ్ చాలా కష్టంగా దాటుతుంది. సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లకు దాదాపు దారే లేదు. ప్రోటీన్లు లేని కృత్రిమ లిపిడ్ పొర నీటిని రానిచ్చే స్థాయి సోడియం అయాన్‌ను రానిచ్చే స్థాయికన్నా సుమారు వంద కోట్ల రెట్లు ఎక్కువ. సోడియం అయాన్ పరిమాణంలో గ్లూకోజ్ కన్నా ఎంతో చిన్నది. మరి దానికే ఎందుకు కష్టం? నీటిలో ఉన్న అయాన్ చుట్టూ నీటి అణువులు తమ ఆక్సిజన్ కొనలను దానివైపు తిప్పి గట్టిగా పట్టుకుని ఉంటాయి. తోకల ప్రాంతంలోకి రావాలంటే ఆ నీటిని వదులుకోవాలి, అక్కడ దానికి బదులిచ్చేది ఏదీ లేదు. ఆ నష్టానికి అయ్యే శక్తి మూల్యమే అసలైన అడ్డు. ఎంపిక అంటే పరిమాణాన్ని బట్టి జల్లించడమని అనుకుంటే ఈ సంగతి ఎప్పటికీ అర్థం కాదు.

ఎంపికలో రెండో సగం ప్రోటీన్లది. ఏ కణం ఏ ప్రోటీన్లను తన త్వచంలో ఉంచుకుంటే ఆ కణానికి ఆ దారులే ఉంటాయి. అందుకే ఒకే లిపిడ్ పొర ఉన్నా నాడీకణం, మూత్రపిండ కణం, ఎర్ర రక్తకణం వేర్వేరు పదార్థాలకు తలుపులు తెరుస్తాయి.

దారి కొందరికే ఉన్నా, దిశ అందరికీ ఒకే నియమం ప్రకారం తేలుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టే, ఆవేశం లేని పదార్థం గాఢత ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి నికరంగా కదులుతుంది. నికరంగా అన్న మాట ముఖ్యం: అణువులు రెండువైపులా దాటుతూనే ఉంటాయి, ఎక్కువ ఉన్న వైపు నుంచి దాటేవి ఎక్కువ, అంతే. అయాన్ల విషయంలో మాత్రం గాఢతతో పాటు విద్యుత్తును కూడా కలుపుకోవాలి. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉంటుంది. వినడానికి ఇది స్వల్పమే అయినా 5 నానోమీటర్ల మందం మీద పడుతోంది కాబట్టి, సెంటీమీటరుకు లక్ష వోల్టులకు పైబడిన విద్యుత్ క్షేత్రమన్నమాట. ధనావేశమున్న సోడియం గాఢత వల్లా, విద్యుత్తు వల్లా లోపలికే లాగబడుతుంది. పొటాషియంను గాఢత బయటికి నెడుతుంటే విద్యుత్తు లోపలికి లాగుతుంది. ఈ రెండూ దాదాపు సరితూగుతాయి.

నీటిది కొంత ప్రత్యేకమైన కథ. నీటిని దాటనిచ్చి కరిగిన పదార్థాన్ని దాటనివ్వని త్వచం ఇరువైపులా ద్రావణాలు ఉంటే, ద్రావితం ఎక్కువ ఉన్న వైపుకు నీరు కదలడమే ద్రవాభిసరణ. 0.9 శాతం ఉప్పు ద్రావణంలో ఎర్ర రక్తకణం మామూలుగా ఉంటుంది, స్వచ్ఛమైన నీటిలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. మొక్క కణానికి చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది కాబట్టి పగలదు. లోపలి ఒత్తిడే లేత కాండాన్ని నిటారుగా నిలబెడుతుంది. నీరు లిపిడ్ పొర గుండా కొంత దాటుతుందన్నది నిజమే అయినా, ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండ నాళికల్లో కనిపించే వేగానికి అది చాలదని శాస్త్రవేత్తలు ముందే అనుమానించారు. పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల నుంచి అనుకోకుండా బయటపడిన ఒక ప్రోటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏను కప్ప అండకణాల్లోకి ఎక్కించి, వాటిని పలుచని ద్రావణంలో ఉంచితే, అవి కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి పగిలిపోయాయి. ఆ ప్రోటీన్ లేని అండాలు మామూలుగానే ఉన్నాయి. 1992లో వెలువడిన ఈ ప్రయోగంతో నీటికి దారిచ్చే ప్రోటీన్లైన ఆక్వాపోరిన్‌ల ఉనికి రుజువైంది, ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి దక్కింది. ఒక్క ఆక్వాపోరిన్ గుండా సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటి వెళ్లగలవు. ఇంత వేగంగా నీటిని పంపుతూ కూడా అది ప్రోటాన్లను రానివ్వదు. రానిస్తే కణంలోని ఆమ్ల సమతుల్యత క్షణాల్లో చెడిపోతుంది.

ఆ 2003 బహుమతినే పంచుకున్న రోడరిక్ మెకిన్నన్ 1998లో పొటాషియం ఛానెల్ (పొటాషియం అయాన్లు దాటడానికి ప్రోటీన్ ఏర్పరచే దారి) నిర్మాణాన్ని వెల్లడించాడు. ఎంపిక ఎలా జరుగుతుందన్న మీ ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు నాకు తెలియదు. ఈ ఛానెల్ సోడియం కన్నా పొటాషియంను కనీసం పదివేల రెట్లు ఎక్కువ ఇష్టంగా పంపుతుంది, పంపే వేగం సెకనుకు దాదాపు పది కోట్ల అయాన్లు. వింత ఏమిటంటే సోడియం అయాన్ వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాషియంది 1.33. పెద్దది వెళ్లే దారిలో చిన్నది ఎందుకు వెళ్లదు? ఛానెల్‌లోని సన్నని భాగంలో ప్రోటీన్ గొలుసుకు చెందిన ఆక్సిజన్ పరమాణువులు వరుసగా లోపలికి తిరిగి ఉన్నాయి. పొటాషియం చుట్టూ నీటి ఆక్సిజన్‌లు ఎంత దూరంలో ఉంటాయో ఇవీ సరిగ్గా అంతే దూరంలో ఉన్నాయి. కాబట్టి పొటాషియం తన నీటిని వదులుకున్నా నష్టపోదు, అదే ఆదరణ ఛానెల్ గోడల్లో దొరుకుతుంది. చిన్నదైన సోడియం ఆ ఆక్సిజన్‌లను సరిగా అందుకోలేదు, కాబట్టి తన నీటిని వదులుకోవడం దానికి నష్టమే. లిపిడ్ పొర అయాన్లను ఏ కారణంతో ఆపిందో, ఛానెల్ ఆ కారణాన్నే ఒక్క అయాన్ విషయంలో తొలగించింది. ఇందులో నిర్ణయించేవారు ఎవరూ లేరు. పరమాణువుల అమరిక, దానికి తగ్గ శక్తి లెక్క మాత్రమే ఉన్నాయి. ఛానెల్ ఎప్పుడు తెరుచుకోవాలన్నది వేరే సంగతి. కొన్ని త్వచం మీది వోల్టేజి మారితే తెరుచుకుంటాయి, కొన్ని ఏదైనా రసాయనం వచ్చి అంటుకుంటే, మరికొన్ని పొర సాగితే తెరుచుకుంటాయి.

గ్లూకోజ్‌కు ఇలాంటి తెరిచిన దారి ఉండదు. దాన్ని చేరవేసే గ్లూట్ వంటి వాహక ప్రోటీన్లు ఒక వైపు తెరుచుకుని అణువును పట్టుకుని, ఆకారం మార్చుకుని, రెండో వైపు తెరుచుకుని వదులుతాయి. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ తెరుచుకోవు. ప్రతి అణువుకూ ఒకసారి ఆకారం మారాలి కాబట్టి వీటి వేగం ఛానెళ్ల వేగంతో పోలిస్తే చాలా తక్కువ, సెకనుకు కొన్ని వందలో వేలో అణువులు. గాఢత ఎంత పెంచినా, వాహకాలన్నీ పనిలో ఉన్నప్పుడు వేగం ఒక గరిష్ఠ స్థాయి దగ్గర ఆగిపోతుంది. ప్రోటీన్ సాయం లేకుండా జరిగే సాధారణ విసరణలో ఇలాంటి పరిమితి కనిపించదు. పరీక్షల్లో ఇచ్చే రేఖాపటాల్లో ఈ రెండింటినీ వేరు చేయడానికి ఇదే ఆధారం.

ఇక మీ రెండో సందేహం. గ్లూట్ వాహకం ఇచ్చేది దారి మాత్రమే, దిశను అది నిర్ణయించదు. అదే ప్రోటీన్ గాఢత ఎటు ఎక్కువుంటే అటు నుంచి ఇటు పంపుతుంది; లోపల గ్లూకోజ్ ఎక్కువైతే బయటికి కూడా పంపుతుంది, భోజనాల మధ్య కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది అలాంటి వాహకాల ద్వారానే. కదిలించే శక్తి పూర్తిగా గాఢతలోని తేడా నుంచే వస్తోంది. అందువల్లనే ప్రోటీన్ ఉన్నా అది నిష్క్రియా రవాణా, సులభతర విసరణ. మరి కండరకణంలోకి గ్లూకోజ్ వస్తూనే ఉంటే లోపల గాఢత బయటితో సమానమై ప్రవాహం ఆగిపోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. లోపలికి రాగానే హెక్సోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించేస్తుంది. ఆ రూపాన్ని వాహకం గుర్తించదు కాబట్టి అది తిరిగి బయటికి పోలేదు, లోపల అసలు గ్లూకోజ్ గాఢత తక్కువగానే మిగులుతుంది. ఈ ఫాస్ఫేట్ కోసం ఏటీపీ ఖర్చవుతుంది గానీ, అది త్వచాన్ని దాటించడానికి పెట్టిన ఖర్చు కింద రాదు.

కండర, కొవ్వు కణాల్లో దారుల సంఖ్యే మారుతుంది. ఇన్సులిన్ అందినప్పుడు లోపల చిన్న తిత్తుల్లో దాచి ఉన్న గ్లూట్-4 వాహకాలు ఆ తిత్తులతో సహా త్వచంలో కలిసిపోతాయి, ఇన్సులిన్ తగ్గాక తిరిగి లోపలికి వెళతాయి. త్వచం నుంచి తిత్తులు విడిపోవడం, త్వచంలో కలవడం అన్న ఈ పద్ధతితోనే కణం పెద్ద అణువులను కూడా ఇచ్చిపుచ్చుకుంటుంది. రక్తంలోని కొలెస్టరాల్‌ను మోసుకొచ్చే ఎల్‌డీఎల్ రేణువును పట్టుకునే గ్రాహకాలు లేకనో పనిచేయకనో పోతే కొలెస్టరాల్ రక్తంలోనే పేరుకుపోతుందని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ చూపారు. 1985 నోబెల్ ఆ పనికే. మ్యాక్రోఫేజ్ అనే భక్షకకణం దాదాపు అరగంటలో తన మొత్తం త్వచానికి సమానమైన వైశాల్యాన్ని ఇలా లోపలికి మింగి, మళ్లీ బయటికి చేర్చుకుంటుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఉన్న ప్రవణతను, అంటే త్వచానికి ఇరువైపులా ఉన్న గాఢత, విద్యుత్తు తేడాను, వాడుకునేవే. ఆ ప్రవణతలు ఎలా పుట్టాయి? ఇక్కడ పంపులు వస్తాయి. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ పీతల నాడుల్లో సోడియం, పొటాషియం రెండూ ఉంటేనే చురుగ్గా ఏటీపీని విడగొట్టే ఎంజైమును కనుగొన్నాడు. అదే సోడియం-పొటాషియం పంపు. ఒక్క ఏటీపీ ఖర్చుతో అది 3 సోడియం అయాన్లను బయటికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి చేరుస్తుంది. ఏటీపీలోని ఫాస్ఫేట్ పంపుకు అతుక్కుంటే దాని ఆకారం మారి బయటికి తెరుచుకుంటుంది, సోడియం మీద పట్టు సడలుతుంది, పొటాషియం మీద పట్టు పెరుగుతుంది. ఫాస్ఫేట్ ఊడితే మళ్లీ మొదటి ఆకారం వస్తుంది. దీని ఫలితంగా కణం లోపల సోడియం లీటరుకు సుమారు 12 మిల్లీమోల్‌లు, బయట 145. పొటాషియం లోపల 140, బయట 4 దగ్గర నిలుస్తాయి. ఈ గాఢతలతో, 70 మిల్లీవోల్టుల తేడాతో, శరీర ఉష్ణోగ్రత వద్ద లెక్కవేస్తే, 3 మోల్‌ల సోడియంను బయటికి, 2 మోల్‌ల పొటాషియంను లోపలికి చేర్చడానికి మొత్తం సుమారు 44 కిలోజౌళ్లు అవసరం. ఇందులో సోడియం వాటాయే దాదాపు 40. కణంలో ఒక మోల్ ఏటీపీ విడిపోతే వచ్చే శక్తి 50 కిలోజౌళ్లకు అటూఇటూ. అంటే పంపు తనకు అందిన శక్తిలో చాలా తక్కువ వృథా చేస్తోంది. విద్యార్థుల చేత ఈ లెక్క ఒకసారి కట్టించాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే సక్రియా రవాణా అన్న మాటకు అర్థం అప్పుడే చేతికి అందుతుంది.

విశ్రాంతిలో ఉన్న జంతుకణం తన శక్తిలో పెద్ద వాటా, నాడీకణం ఇంకా పెద్ద వాటా, ఈ పంపు కోసమే వెచ్చిస్తాయి. అది ఆగితే లోపలికి కారే సోడియం పేరుకుని, వెంట క్లోరైడ్, నీరు వచ్చి కణం ఉబ్బుతుంది. కణకవచం లేని జంతుకణం ద్రవాభిసరణకు తట్టుకుని నిలబడేది ఈ పంపు వల్లనే. ఒక అపోహను ఇక్కడే తొలగించాలి: త్వచం మీది వోల్టేజికి పంపు నేరుగా ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పంపు పోగుచేసిన పొటాషియం తన ఛానెళ్ల గుండా కొద్దికొద్దిగా బయటికి కారడమే ఆ వోల్టేజికి ప్రధాన కారణం.

మీ మూడో సందేహానికి జవాబు ఇప్పుడు సులువవుతుంది. చిన్నపేగు గోడ కణంలో పేగు లోపలి వైపున్న త్వచంలో ఎస్‌జీఎల్‌టీ-1 అనే వాహకం ఉంటుంది. అది 2 సోడియం అయాన్లు, 1 గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే సరిగా ఆకారం మార్చుకుని వాటిని లోపలికి వదులుతుంది. సోడియంకు లోపలికి రావడం దిగువ ప్రయాణం, గ్లూకోజ్‌కు అదే ఎగువ ప్రయాణం కావచ్చు. మొదటిది విడుదల చేసిన శక్తి రెండోదాన్ని నెడుతుంది. సోడియం గాఢతలో పది రెట్ల తేడా, దానికి తోడు 60 మిల్లీవోల్టుల వోల్టేజి ఉంటే ఒక్కో సోడియం వంద రెట్ల తేడాకు సమానమైన శక్తినిస్తుంది. రెండు సోడియంలు కలిస్తే సిద్ధాంతరీత్యా గ్లూకోజ్‌ను పేగులో కన్నా కణంలో పదివేల రెట్లు గాఢంగా పోగుచేయగలవు. పేగులో చివరగా మిగిలిన కొద్దిపాటి గ్లూకోజ్ కూడా వృథా కాకపోవడం ఇందువల్లనే. ఎగువకు నెడుతోంది కాబట్టి ఇది సక్రియా రవాణా. ఏటీపీని నేరుగా వాడక, పంపు ఏర్పరచిన సోడియం ప్రవణతను వాడుతోంది కాబట్టి ద్వితీయ సక్రియా రవాణా. పంపును వూబైన్ వంటి విషంతో ఆపితే కాసేపటికి ఎస్‌జీఎల్‌టీ కూడా గ్లూకోజ్‌ను పోగుచేయడం మానేస్తుంది, నిజానికి ఆ విషం దాన్ని ముట్టుకోకపోయినా.

అదే కణంలో రక్తం వైపున్న త్వచంలో గ్లూట్-2 వాహకాలు, సోడియం-పొటాషియం పంపులు ఉంటాయి. లోపల పోగైన గ్లూకోజ్ గ్లూట్-2 ద్వారా దిగువకు, అంటే రక్తం వైపుకు, నిష్క్రియంగా జారిపోతుంది. లోపలికి వచ్చిన సోడియంను పంపు బయటికి తోస్తుంది. ఒకే గ్లూకోజ్ అణువు ఒకే కణంలోకి సక్రియంగా వచ్చి నిష్క్రియంగా వెళ్లిపోతుందన్నమాట. ఇక్కడే త్వచం ద్రవమన్న సంగతి మళ్లీ ముఖ్యమవుతుంది. ప్రోటీన్లు స్వేచ్ఛగా తేలిపోతే ఎస్‌జీఎల్‌టీలు, గ్లూట్‌లు రెండు వైపులా కలిసిపోయి గ్లూకోజ్ ప్రవాహానికి దిశే ఉండదు. పక్కపక్క కణాలను బిగించి కుట్టిన గట్టి సంధులు ఆ కలయికను అడ్డుకుంటాయి.

సోడియం, గ్లూకోజ్ జతగా లోపలికి వస్తాయన్న ఆలోచనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించాడు. కలరాలో బాక్టీరియా విషం పేగు కణాల చేత క్లోరైడ్‌ను, దానివెంట సోడియంను, నీటిని విపరీతంగా పేగులోకి వదిలిస్తుంది, కానీ ఎస్‌జీఎల్‌టీ-1 మాత్రం చెక్కుచెదరకుండా పనిచేస్తూనే ఉంటుంది. కేవలం ఉప్పునీరు తాగిస్తే సోడియం తగినంతగా లోపలికి రాదు; గ్లూకోజ్ కూడా కలిపితే ఆ వాహకం రెండింటినీ తీసుకుంటుంది, వాటివెంట నీరు ద్రవాభిసరణ వల్ల కదులుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఇలాంటి ద్రావణాన్ని పెద్ద ఎత్తున తాగించి ఎందరినో బతికించారు. ప్రస్తుతం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్‌లు, గ్లూకోజ్ 75 మిల్లీమోల్‌లు ఉంటాయి, మొత్తం ఆస్మోలారిటీ (కరిగిన రేణువులన్నిటి గాఢత) లీటరుకు 245 మిల్లీఆస్మోల్‌లు. రక్తంలో అది 290 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఈ ద్రావణం శరీరం నుంచి నీటిని పేగులోకి లాగదు. గ్లూకోజ్ ఎక్కువైతే మేలు ఎక్కువని చక్కెర దండిగా కలిపితే వాహకాలు అందుకోలేని చక్కెర పేగులోనే మిగిలి, నీటిని తనవైపు లాగి, విరేచనాలను పెంచుతుంది.